కార్బన్ బాణాలను అమర్చుకుని ట్యూన్ చేయడం ఎలా?

మన దేశవాళీ పోటీ విభాగమైన ఇండియన్ రౌండ్‌లో వెదురు విల్లుతో 30, 50 మీటర్లు వేసి రికర్వ్‌కు (కొసలు ముందుకు వంగిన, ఒలింపిక్స్‌లో వాడే విల్లుకు) మారిన మహబూబ్‌నగర్, నల్లగొండ విలుకాండ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన వివరాలివి. 70 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే కనుక, బాణానికీ బాణానికీ మధ్య ఉన్న చిన్న తేడా కూడా అక్కడ పెద్దదై కనిపిస్తుంది. కప్పీలుండే కాంపౌండ్ విల్లు ట్యూనింగ్ పద్ధతి వేరు.

మొదట తేల్చుకోవలసింది స్పైన్, అంటే షాఫ్ట్ (బాణం కడ్డీ) బిగువు. 28 అంగుళాల ఎడంగా ఉన్న రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అది అర అంగుళం వంగితే దాని స్పైన్ 500. సంఖ్య తగ్గేకొద్దీ బిగువు పెరుగుతుంది. వేళ్లతో వదిలిన అల్లెతాడు కొద్దిగా పక్కకు జరుగుతుంది కాబట్టి బాణం అటూ ఇటూ వంగుతూనే విల్లును దాటుతుంది. ఆ వంపు మీ విల్లు శక్తికి సరిపడినంతే ఉండాలి. విల్లు మీద రాసిన పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు లెక్కగట్టినవి కనుక, అంతకన్నా తక్కువ లాగేవారు వేలాడే త్రాసుతో అసలు బరువు తూచుకున్న తర్వాతే తయారీదారు పట్టిక చూడాలి. షాఫ్ట్ పొడవు పెరిగినా, పాయింట్ (బాణం మొన) బరువెక్కినా బాణం మెత్తబడినట్టే ప్రవర్తిస్తుంది.

తర్వాత షాఫ్టులను ఒకదానితో ఒకటి పోల్చాలి. చాలా కార్బన్ షాఫ్టులను రెసిన్ పట్టించిన కార్బన్ పీచు షీటును కడ్డీకి చుట్టి, వేడిలో గట్టిపరచి తయారు చేస్తారు. ఆ పొరల అంచు కలిసే వైపు బిగువు కాస్త వేరుగా ఉంటుంది. పైన చెప్పిన కొలతలతో రెండు చెక్కముక్కలు, ఒక డయల్ గేజ్ (వంపును ముల్లుతో చూపే కొలత సాధనం) కలిపి ఇంట్లోనే అమరిక చేసుకుని, షాఫ్ట్‌ను పావు వంతు చొప్పున తిప్పుతూ ఎటు తక్కువ వంగుతుందో గుర్తు పెట్టండి. నాక్ (బాణం వెనక అల్లెతాడుకు తగిలించే గాడి ముక్క) బిగించేటప్పుడు అన్ని బాణాల్లోనూ ఆ గుర్తు ఒకే వైపుకు రావాలి. ప్యాకెట్ మీద నిటారుతనం 0.001 అంగుళం (అంటే వంకర అంతకు మించదని) అని ముద్రించిన ఖరీదైన సెట్టు కన్నా, ఇలా ఏరి జతపరిచిన 0.003 సెట్టే నేర్చుకునేవారికి ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

కోయడానికి పైపు కట్టర్ పనికిరాదు, అది పీచును చితక్కొడుతుంది. వేగంగా తిరిగే రాపిడి చక్రంతో, ఆరుబయట, మాస్క్ పెట్టుకుని కోయాలి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొదట అర అంగుళం ఎక్కువే ఉంచండి, ఎందుకంటే తర్వాత తగ్గించుకోవచ్చు గానీ పెంచలేము. హాట్ మెల్ట్ జిగురు వాడితే పాయింట్‌ను మాత్రమే వేడి చేయాలి, షాఫ్ట్‌కు మంట తగిలితే రెసిన్ దెబ్బతింటుంది. ఇక్కడి మే నెల ఎండలో మూసిన కారులో బాణాలను వదిలేస్తే ఆ జిగురు మెత్తబడి పాయింట్ వదులయ్యే ప్రమాదమూ ఉంది. అమర్చాక బాణాన్ని వేలి మీద నిలిపి తూకం చూడండి: 28 అంగుళాల బాణం నాక్ నుంచి 17.5 అంగుళాల దగ్గర నిలిస్తే, మధ్యబిందువు కన్నా 3.5 అంగుళాలు ముందుకు, అంటే 12.5 శాతం ముందు బరువు ఉన్నట్టు. రికర్వ్ కార్బన్ బాణానికి 11 నుంచి 16 శాతం మధ్య ఉంటే సరిపోతుంది.

ఇక ట్యూనింగ్. ఆషాఢం గాలులు లేవకముందే, తెల్లవారుజామున 18 మీటర్ల దూరంలో ఈకలున్న మూడు బాణాలు, ఈకలు లేనివి రెండు వేయాలి. లేనివాటి వెనక భాగానికి ఈకల బరువంత టేపు చుట్టండి. ముందుగా పైకిందులు చూడండి. ఈకలున్నవాటి కన్నా ఈకలు లేనివి పైన పడితే నాకింగ్ పాయింట్‌ను (తాడు మీద నాక్ తగిలించే చోటును) కొద్దిగా పైకి, కింద పడితే కిందికి జరపాలి. కుడిచేతి విలుకాడికి అవి ఎడమకు పడితే బాణం బిగువు ఎక్కువైనట్టు, కుడికి పడితే మెత్తనైనట్టు. బిగువు ఎక్కువైతే పౌండ్లు పెంచడం, బరువైన పాయింట్ వేయడం మార్గాలు. మెత్తనైతే పౌండ్లు తగ్గించాలి లేదా షాఫ్ట్‌ను పావు అంగుళం చొప్పున కోయాలి. తేడా కొద్దిగానే మిగిలినప్పుడు మాత్రమే ప్లంజర్ (విల్లు పక్కన బాణం ఆనే స్ప్రింగ్ బొడిపె) స్ప్రింగ్‌ను ముట్టుకోండి: బిగువు బాణానికి స్ప్రింగ్ వదులు చేయాలి, మెత్తని బాణానికి బిగించాలి. తప్పు స్పైన్‌ను ప్లంజర్‌తో కప్పిపుచ్చితే 18 మీటర్లలో బాగానే కనిపించినా 70 మీటర్లలో గుట్టు బయటపడుతుంది.

చివరగా బాణాలకు అంకెలు వేసి, దూరంలో ప్రతి బాణం ఎక్కడ పడిందో కాగితం మీద గుర్తించండి. ఒకే అంకె మళ్లీ మళ్లీ గుంపు వదిలిపోతుంటే దాని నాక్ తిప్పి చూడాలి, అయినా మారకపోతే పక్కన పెట్టాలి. మన మైదానాల్లో లక్ష్యం తప్పిన బాణం రాళ్ల మీద పడడం మామూలే కాబట్టి, అలా పడిన ప్రతిదాన్నీ ముఖానికి దూరంగా పట్టుకుని మెల్లగా వంచి, మెలిపెట్టి వినండి. చిటపటమని శబ్దం వచ్చినా, గోటికి పగులు తగిలినా దాన్ని మళ్లీ వేయకూడదు. వదిలేటప్పుడు అది పగిలితే పీచులు విల్లు పట్టిన చేతిలో గుచ్చుకుంటాయి.