సెలవులకు వెళ్ళే చుట్టాలింట్లో పిల్లి, కుక్క ఉంటే: అలర్జీ ఉన్నవారికి సూచనలు

విదేశానికి వచ్చిన తొలి ఏడాదిలో పొడుగు సెలవులు దొరికితే, అప్పటికే అక్కడ స్థిరపడిన అక్కగారింటికో బాబాయిగారింటికో వెళ్ళడం సహజం. ఆ ఇంట్లో పిల్లో కుక్కో ఉండి, అది పెరట్లో కాక సోఫా మీదా పరుపు మీదా పిల్లలతో సమానంగా తిరుగుతూ ఉంటే, అంతకుముందెన్నడూ జంతువుతో ఒకే కప్పు కింద నిద్రించని మనిషికి మొదటి రాత్రే తుమ్ములు పట్టుకోవచ్చు, తెల్లవారేసరికి కళ్ళు ఎర్రబడి ముక్కు దిబ్బడ వేయవచ్చు. చాలామంది దీన్ని చలి పడలేదనో, ప్రయాణపు బడలిక అనో, జలుబు అనో సరిపెట్టుకుని ఊరుకుంటారు. జలుబైతే గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు, ఒక్కోసారి కొద్దిపాటి జ్వరం ఉంటాయి. సాధారణంగా వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అలర్జీలో జ్వరం రాదు. కళ్ళూ ముక్కూ అంగిలీ దురదపెడతాయి, ముక్కు నుంచి నీళ్ళలాంటి పల్చని ద్రవం కారుతుంది, ఇంట్లో ఉన్నంతసేపూ బాధ సాగుతుంది, బయట కొన్ని గంటలు తిరిగితే తెరిపి ఇస్తుంది. ఈ చివరి గుర్తు మిగిలిన వాటికన్నా నమ్మదగినది.

ఎన్నడూ పిల్లిని పెంచలేదు కదా, దాని అలర్జీ నాకెలా వచ్చిందని అడిగేవారున్నారు. పిల్లి నుంచి వచ్చే అలర్జీ పదార్థం దాన్ని పెంచేవారి బట్టలకు అంటుకుని ఆఫీసులకూ తరగతి గదులకూ బస్సు సీట్లకూ చేరుతుంది కాబట్టి, పిల్లి లేని చోట కూడా శరీరం దానికి పరిచయమై ఉండవచ్చు. మరికొందరిది ఇంకో అనుభవం: చిన్నప్పుడు ఇంట్లో కుక్కతోనే పెరిగి, చదువుకో ఉద్యోగానికో దూరంగా వెళ్ళి కొంతకాలం తర్వాత అదే ఇంటికి తిరిగి వచ్చినప్పుడు, మునుపు లేని తుమ్ములు మొదలవుతాయి. నిత్యం కలిసి ఉన్నప్పుడు శరీరానికి అలవడిన ఓర్పు ఎడబాటుతో కొంత తగ్గిపోవడం ఇందుకు కారణం కావచ్చు. కనుక నాకు ఇంతకుముందు లేదు కదా అన్న ధీమా మీద ప్రయాణానికి సిద్ధపడడం మంచిది కాదు.

లోకం తప్పంతా వెంట్రుకల మీద వేస్తుంది గానీ అసలు కారణం కొన్ని ప్రోటీన్లు. పిల్లుల్లో ముఖ్యమైనది ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలోనూ చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ తయారవుతుంది. పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు ఆ ప్రోటీన్ బొచ్చుకు పట్టి, ఆరి, చర్మపు పొట్టుతో కలిసి రాలుతుంది. ఆ కణాల్లో కొన్ని 5 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్నవి కావడంతో గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల లోపలి గొట్టాల దాకా చేరగలవు. అందుకే పిల్లి అలర్జీ ముక్కుతో ఆగక ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెప్పిస్తుంది. కుక్కల్లో క్యాన్ ఎఫ్ 1 ప్రధానమైనది. క్యాన్ ఎఫ్ 5 అనే మరొక ప్రోటీన్ మగకుక్కల ప్రోస్టేట్ గ్రంథిలో తయారవుతుంది కాబట్టి, కేవలం దానికి మాత్రమే అలర్జీ ఉన్నవారు ఆడకుక్క ఉన్న ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా గడపగలగడం సాధ్యమే.

మా కుక్క హైపోఅలర్జెనిక్ (అలర్జీ తక్కువ కలిగిస్తుందని చెప్పే) జాతిది, దాని జుట్టు రాలదు, నీకేమీ కాదు అని ఆతిథ్యమిచ్చేవారు భరోసా ఇస్తారు. వారు మంచి మనసుతోనే అంటారు. కాని ఆ మాట మీద ఆధారపడకండి. అలాంటి జాతుల కుక్కలున్న ఇళ్ళలోని ధూళిని ఇతర జాతుల కుక్కలున్న ఇళ్ళ ధూళితో పోల్చి చూసిన పరిశోధనలు 2011, 2012 సంవత్సరాల్లో వెలువడ్డాయి. అలర్జీ కలిగించే ప్రోటీన్ విషయంలో ఆ జాతులకు చెప్పుకోదగ్గ మెరుగేమీ కనబడలేదు. ఒకే జాతిలో రెండు కుక్కల మధ్యే తేడా ఎక్కువగా ఉండవచ్చు.

ఇక్కడే అందరూ పొరబడే విషయం ఒకటి ఉంది. అతిథి వచ్చే వేళకు పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేస్తే పని అయిపోయిందనుకుంటారు. పిల్లిని ఇంటి నుంచి పూర్తిగా తీసివేసిన తర్వాత కూడా ఆ ఇంటి ధూళిలోని ప్రోటీన్ పిల్లి లేని ఇళ్ళ స్థాయికి దిగడానికి సాధారణంగా 20 నుంచి 24 వారాలు పడుతుంది. జంతువు ఆ పూట ఎక్కడుందన్న దానికన్నా, గడిచిన కొన్ని నెలలుగా ఎక్కడెక్కడ పడుకుందన్నది మీ ముక్కుకు ముఖ్యం. కార్పెట్లు, సోఫాలు, కర్టెన్లు, పరుపులు ఆ ప్రోటీన్‌ను దాచుకుని, మనిషి కూర్చున్నప్పుడల్లా గాలిలోకి వదులుతాయి. చలికాలపు సెలవుల్లో కిటికీలు మూసి ఉండి, జంతువు కూడా రోజంతా ఇంట్లోనే ఉంటుంది కనుక ఈ బాధ మరింత పెరుగుతుంది.

కాబట్టి మొదటి పని ఫోన్ చేయడం. అదీ ప్రయాణానికి ముందురోజు కాదు, మూడు నాలుగు వారాల ముందు. మొహమాటపడి నోరు మూసుకుని వెళ్ళి, రెండో రోజు కళ్ళు వాచిపోయి, వచ్చిన మూడో రోజే సామాను సర్దుకుంటే ఇంటివారికి కలిగే నొప్పి, ముందుగా ఒక మాట చెబితే కలిగేదానికన్నా చాలా ఎక్కువ. ఇలా చెప్పవచ్చు: "అక్కా, మీ ఇంటికి రావాలని ఎంతో ఉంది. నాకు పిల్లి పడదు, తుమ్ములూ ఆయాసమూ వస్తాయి. దాన్ని ఎక్కడికీ పంపవద్దు. నేను పడుకునే గదిలోకి మాత్రం ఇవాళ్టి నుంచి రానివ్వకుండా చూస్తావా? దిండూ దుప్పటీ నేనే తెచ్చుకుంటాను." ఈ మాటల్లో కోరిక ఒక్కటే, అది స్పష్టంగా ఉంది, చేయగలిగినదిగా ఉంది, పిల్లిని తప్పుపట్టడం లేదు. ఆ ఇంట్లో పిల్లి పదేళ్ళుగా ఉండి ఉండవచ్చు, మీరు వారం రోజులుండి పోయే అతిథి. దాన్ని ఎవరింట్లోనైనా వదిలేయమని అడగడం మర్యాద కాదు, పైన చెప్పిన కారణం వల్ల దానితో పెద్దగా ప్రయోజనమూ లేదు. బావగారో వదినగారో ఇంకా చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగితే అప్పుడు గది గురించి వివరంగా చెప్పండి.

గదే అన్నిటికన్నా ముఖ్యం. రోజులో ఏడెనిమిది గంటలు ఒకే చోట, ముఖం దిండుకు ఆనించి గడుపుతాం కాబట్టి, ఆ ఒక్క చోటు బాగుంటే మిగిలిన పగలంతా కాస్త ఓర్చుకోవచ్చు. జంతువు మామూలుగా ఎక్కువగా వెళ్ళని గది దొరికితే అది చిన్నదైనా అదే తీసుకోండి. ఎండ బాగా పడే విశాలమైన అతిథి గది చాలా ఇళ్ళలో పిల్లికి ఇష్టమైన మధ్యాహ్నపు పడకగది కూడా అయి ఉంటుంది. కార్పెట్ లేని నేల ఉంటే మేలు. కార్పెట్ ఉంటే మీరు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే హెపా ఫిల్టర్ (అతి సన్నని ధూళి కణాలను పట్టే జల్లెడ) ఉన్న వాక్యూమ్‌తో శుభ్రం చేయించాలి. మీరు గుమ్మంలో అడుగుపెట్టే గంటలో ఊడిస్తే లేచిన ధూళి అంతా గాలిలోనే ఉంటుంది. గట్టి నేలనూ బల్లలనూ తడిగుడ్డతో తుడవాలి. సోఫాను పరుపుగా మార్చి హాల్లో పడుకోబెట్టే ఏర్పాటు మాత్రం ఒప్పుకోవద్దు. జంతువున్న ఇంట్లో అంతకు మించిన చెడ్డ చోటు మరొకటి ఉండదు.

దిండు, దిండు గలేబు, దుప్పటి సొంతవి తీసుకెళ్ళండి. పరుపు మీద వేయడానికి జిప్ ఉన్న దట్టమైన తొడుగు ఒకటి ఉంటే ఇంకా మంచిది. గాలి శుద్ధి యంత్రం అద్దెకో ఎరువుకో దొరికితే అందులో నిజమైన హెపా ఫిల్టర్ ఉందో లేదో చూడండి, 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని పట్టగలదు అన్నది ఆ ఫిల్టర్‌కు ప్రమాణం. దాన్ని గది తలుపు మూసి పగలంతా నడవనివ్వాలి, హాల్లో పెడితే ఫలితం చాలా తక్కువ. సూట్‌కేసును తెరిచి నేలమీద వదిలేయకండి. మెత్తని బట్టలున్న పెట్టె పిల్లికి కనబడితే అది అందులోనే పడుకుంటుంది.

మందుల విషయంలో చాలామంది చేసే పొరపాటు బాధ మొదలయ్యాక మాత్ర వెతుక్కోవడం. ముక్కులో కొట్టుకునే ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టిరాయిడ్ స్ప్రేలు పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడతాయి కాబట్టి, డాక్టరు సరేనంటే ప్రయాణానికి ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. స్ప్రే మొనను ముక్కు మధ్య గోడ వైపు కాక బయటి వైపుకు, అంటే అదే వైపు కంటి దిశగా తిప్పి కొట్టుకుంటే రక్తం కారే అవకాశం తగ్గుతుంది. సెట్రిజిన్, లోరాటాడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి యాంటీహిస్టమిన్ మాత్రలు గంటా రెండు గంటల్లో పనిచేయడం మొదలుపెడతాయి. వెళ్ళేరోజు బయల్దేరే ముందే వేసుకోవచ్చు. వీటిలో సెట్రిజిన్ కొందరికి మత్తునిస్తుంది, కనుక కారు నడపాల్సిన రోజు దాన్ని మొదటిసారి ప్రయోగించవద్దు. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో వేసుకుంటే శరీరానికి సరిగా పట్టదు, నీళ్ళతోనే వేసుకోవాలి. ముక్కు దిబ్బడకు వాడే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు వెంటనే హాయినిస్తాయి గానీ, మూడు నాలుగు రోజులకు మించి వాడితే అవే తిరిగి దిబ్బడ తెస్తాయి.

కొత్త దేశంలో మరో చిక్కు ఉంది. ఒక చోట దుకాణంలో నేరుగా దొరికే మందుకు ఇంకో చోట డాక్టరు చీటీ కావాలి, వ్యాపార నామాలు మారిపోతాయి, ఒకే మందుకు రెండు పేర్లు కూడా ఉంటాయి; ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్‌నే కొన్ని దేశాల్లో ఆల్బుటెరాల్ అంటారు. అందువల్ల మందు అసలు పేరు, మోతాదు రాసుకుని ఉంచుకోండి. దేశం దాటి వెళ్తుంటే మందులను అసలు పెట్టెల్లోనే, డాక్టరు చీటీతో, చేతిసంచిలో పెట్టుకోండి. సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్రల మీద కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి. పైగా అవి రక్తపోటు పెంచుతాయి, నిద్ర పట్టనివ్వవు.

అక్కడికి చేరాక పాటించవలసినవి తక్కువే. కుక్క ఎదురొచ్చి చేయి నాకితే కసిరి పంపనక్కర లేదు; వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి, కడుక్కునేదాకా కళ్ళు తాకకండి. నాకిన చోట దద్దుర్లు లేచే మనిషైతే పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు. బట్టసోఫా వదిలి చెక్కకుర్చీలో కూర్చోండి. రాత్రి పడుకునే ముందు తలస్నానం చేసి, పగలు వేసుకున్న బట్టలు గది బయటే విడిచి, ఉతికిన బట్టలు వేసుకోండి; రోజంతా జుట్టుకు పట్టిన ధూళి దిండు మీదకు చేరకుండా ఉంటుంది. ముక్కును ఉప్పునీటితో కడుక్కునేవారు కాచి చల్లార్చిన నీరో డిస్టిల్డ్ నీరో మాత్రమే వాడాలి, కుళాయి నీరు నేరుగా వాడకూడదు. రోజూ కొన్ని గంటలు బయట గడిపేలా కార్యక్రమం వేసుకుంటే ఇంట్లోవారికీ సరదాగా ఉంటుంది, మీ ఊపిరితిత్తులకూ విశ్రాంతి దొరుకుతుంది.

పసిపిల్లలకు పెద్దల మాత్రలు విరిచి ఇవ్వకూడదు. మోతాదును డాక్టరు వయసునూ బరువునూ బట్టి నిర్ణయించాలి.

ఉబ్బసం ఉన్నవారికి మాత్రం ఇది సర్దుకుపోయే వ్యవహారం కాదు. రోజువారీ ఇన్‌హేలర్‌ను ప్రయాణంలో మానకూడదు, అవసరానికి వాడేది ఎప్పుడూ జేబులోనే ఉండాలి. సాయంత్రం పిల్లితో గడిపి బాగానే ఉన్నానని పడుకున్న మనిషికి నాలుగైదు గంటల తర్వాత ఛాతీ పట్టేసి ఊపిరిలో ఈలలాంటి పిల్లికూతలు మొదలుకావడం జరుగుతుంది కాబట్టి, ఇన్‌హేలర్ ఎక్కడ ఉందో ఇంట్లో కనీసం ఒకరికి తెలియాలి. ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ దేశపు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరును, మీరున్న ఇంటి పూర్తి చిరునామాను ముందే ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఇదివరకు ఇలాంటి ఉధృతి వచ్చినవారు ఆ ఇంట్లో రాత్రి పడుకోవద్దన్నది నా అభిప్రాయం. దగ్గర్లో ఒక గది తీసుకుని, పగలు కొన్ని గంటలు మాత్రం వారి మధ్య గడిపి, వీలైతే వారినే బయట కలుసుకోండి. మా ఇల్లుండగా హోటలేమిటని పిన్ని నొచ్చుకుంటే, డాక్టరు వద్దన్నారని చెప్పండి. అది నిజం కావాలంటే వెళ్ళే ముందు నిజంగానే డాక్టరును అడగండి.

తిరిగి వచ్చాక బట్టలన్నీ సంచిలో కట్టినవి కట్టినట్టే ఉతకడానికి వేయండి, కోటును దులపండి, సూట్‌కేసును తుడవండి. ఆ ఇంటికి ఏటా వెళ్ళవలసిన వారు మరుసటి సెలవుల దాకా ఆగకుండా అలర్జీ నిపుణుడిని కలవడం మంచిది. చర్మ పరీక్షకు సుమారు వారం ముందు నుంచి యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపవలసి ఉంటుంది, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) పరీక్షకు ఆపనక్కర లేదు. పిల్లి అలర్జీ అని తేలితే శరీరానికి ఆ పదార్థాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసేలా ఇంజెక్షన్ల ద్వారా ఇచ్చే ఇమ్యునోథెరపీ గురించి కూడా అడగవచ్చు. అది సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు సాగే చికిత్స కనుక, కొత్తగా వచ్చిన వారు తమ బీమా దానికి వర్తిస్తుందో లేదో, ఆ కాలమంతా అదే ఊరిలో ఉంటారో లేదో చూసుకుని మొదలుపెట్టాలి.