ఇంటర్వెల్ సాధన చేసినా దమ్ము పెరగనప్పుడు ఎక్కడ చూడాలి

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లవారుజామున పరుగు సాధన చేసే పిల్లలకు నేను శిక్షణ ఇస్తున్నాను. వారిలో చాలామంది పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగుకు సిద్ధమవుతున్నవారు. "ఇంటర్వెల్స్ చేస్తూనే ఉన్నాం సార్, దమ్ము మాత్రం పెరగడం లేదు" అన్న మాట వారి నోట తరచుగా వింటాను. ఇంటర్వెల్స్ అంటే కొన్ని నిమిషాలు గట్టిగా, కొన్ని నిమిషాలు తేలికగా మార్చి మార్చి పరుగెత్తడం. ఈ సమస్యకు జవాబు వెతకడానికి క్రాస్ కంట్రీ స్కీయింగ్‌ను మించిన ఆట లేదని నా నమ్మకం. పాదాలకు పొడవాటి స్కీ పలకలు కట్టుకుని, చేతికర్రలతో మంచును వెనక్కి నెడుతూ, కాళ్లతో ఎత్తులెక్కుతూ 50 కిలోమీటర్ల దాకా సాగే ఆ పోటీలో ఒంట్లోని పెద్ద కండరాలన్నీ ఒకేసారి ఆక్సిజన్ కోరుతాయి. అందుకే అగ్రశ్రేణి పురుష స్కీయర్లు తమ బరువులో ప్రతి కిలోకూ నిమిషానికి 80 మిల్లీలీటర్లకు పైగా ఆక్సిజన్ వాడుకోగలుగుతారు. సాధన లేని ఆరోగ్యవంతుడైన యువకుడిలో అది 40, 45 దగ్గర ఉంటుంది.

ఈ శక్తిని నిర్ణయించేవి గుండె ఎంత వేగంగా కొట్టుకోగలదు, ఒక్కో స్పందనలో ఎంత రక్తం నెట్టగలదు, ఆ రక్తంలోంచి కండరాలు ఎంత ఆక్సిజన్ తీసుకోగలవు అన్నవే. గుండె గరిష్ఠ వేగం సాధనతో పెరగదు. ఒక్కో స్పందనలో నెట్టే రక్తం పెరుగుతుంది. నార్వేలోని ట్రోండ్‌హైమ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, గుండె గరిష్ఠ వేగంలో 90 నుంచి 95 శాతం మధ్య నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో మూడేసి నిమిషాల తేలిక పరుగుతో, వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు సాధన చేసినవారికి ఈ సామర్థ్యం 7.2 శాతం పెరిగింది. అంతే మొత్తం పనిని నిదానంగా చేసినవారికి చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాబట్టి గుండె ఆ 90 శాతం పైన గడిపిన నిమిషాలే మన లెక్కలోకి రావాలి. ఎంత అలసిపోయామన్నది ఈ లెక్కలోకి రాదు. కింద చెప్పే లోపాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం మరచిపోవడం వల్ల వచ్చేవే.

సమస్య: మొదటి పరుగు అద్భుతంగా సాగి, నాలుగోది నడకగా మారుతోంది

నేను ఒక ఇటుక ముక్కల పరీక్ష పెడతాను. నాలుగేసి నిమిషాల నాలుగు పరుగులూ 400 మీటర్ల ట్రాక్ మీద ఒకే గీత దగ్గర మొదలవుతాయి. నాలుగు నిమిషాలకు ఈల వేసినప్పుడు పిల్లవాడు ఎక్కడుంటే అక్కడ ట్రాక్ పక్కన ఒక ఇటుక ముక్క పెడతాను. 1600 మీటర్లను ఆరు నిమిషాల్లో పరుగెత్తే ఒక అబ్బాయికి ఇలా పెట్టినప్పుడు, మొదటి ముక్క మూడో రౌండులో 280 మీటర్ల దగ్గర, రెండోది 200 దగ్గర, మూడోది 120 దగ్గర, నాలుగోది 40 దగ్గర పడ్డాయి. అంటే మొదటి నాలుగు నిమిషాలను అతడు పోటీ వేగంతోనే పరుగెత్తి, తర్వాతి మూడింటికీ కాళ్లలో సత్తువ లేకుండా చేసుకున్నాడు.

కారణం తొందర. గుండె వేగం 90 శాతానికి చేరడానికి ఎలాగూ ఒకటి, రెండు నిమిషాలు పడుతుంది. ఆరంభంలో ఎంత ఉరికినా ఆ వ్యవధి పెద్దగా తగ్గదు, కండరాల్లో మంట మాత్రం ముందే మొదలవుతుంది. చివరి రెండు పరుగుల్లో కాళ్లు నెమ్మదించేసరికి గుండె వేగం కూడా దిగిపోతుంది. ఒంటికి ఎంతో కష్టపడ్డట్టే ఉంటుంది, అసలు పనికి దక్కిన నిమిషాలు మాత్రం నాలుగైదుకు మించవు.

దీనికి మందు వేగం తగ్గించడం. ఆ అబ్బాయి పోటీ వేగం రౌండుకు 90 సెకన్లు కాగా, ఇంటర్వెల్ వేగాన్ని 98 సెకన్లకు కట్టడి చేశాను. తర్వాతి వారం నాలుగు ఇటుక ముక్కలూ పది మీటర్ల తేడాలోనే పడ్డాయి, నాలుగోది అన్నిటికన్నా ముందుకు పడింది. మొదటి పరుగు పూర్తయ్యాక "ఇంకొంచెం వేగంగా వెళ్లగలిగేవాణ్ణి" అనిపిస్తే వేగం సరిగ్గా కుదిరినట్టు. పదిహేను నిమిషాల తేలిక పరుగుతో ఒళ్లు వేడెక్కకుండా మొదటి పరుగు మొదలుపెట్టకూడదు.

సమస్య: వాచీ 95 శాతం చూపుతోంది, మనిషి మాత్రం హాయిగా మాట్లాడుతున్నాడు

గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసివేసే లెక్క సగటు లెక్క. 22 ఏళ్లవారికి అది నిమిషానికి 198 అని చెబుతుంది. నిజానికి ఒకరికి 186, మరొకరికి 210 ఉండవచ్చు. బాగా వేడెక్కిన తర్వాత రెండుసార్లు నాలుగేసి నిమిషాలు గట్టిగా పరుగెత్తి, రెండోసారి చివరి నిమిషంలో ఉన్న శక్తినంతా పెట్టినప్పుడు కనిపించే అత్యధిక అంకెనే మీ గరిష్ఠంగా తీసుకోవాలి. మణికట్టు వాచీ కన్నా ఛాతీకి కట్టే బెల్టు నమ్మదగినది. ఏదీ లేనివారు మాటను గమనించుకోవాలి: మూడో నిమిషంలో రెండు, మూడు మాటలకు మించి పలకలేకపోతే మీరు ఉండవలసిన చోటే ఉన్నారు.

సమస్య: ఆయాసం రాకముందే పిక్కలు, తొడలు పట్టేస్తున్నాయి

ఇక్కడ గుండెకు పని అందకముందే కాళ్లు చేతులెత్తేస్తున్నాయి. మైపాడు, కొత్తపట్నం ఇసుకలో ఇంటర్వెల్స్ చేసేవారిలో ఇది తరచుగా చూస్తున్నాను. మెత్తటి ఇసుక తేలిక పరుగుకు బాగుంటుంది, వేగాన్ని లెక్కగట్టే సాధనకు పనికిరాదు. స్కీయర్లు వేసవిలో చక్రాల స్కీలతోనో, చేతికర్రలు పట్టుకుని కాలినడకనో ఎత్తు దారుల మీద ఇంటర్వెల్స్ చేస్తారు. ఎగువకు వెళ్లేటప్పుడు తక్కువ పరుగు వేగంలోనే గుండె వేగం పైకి చేరుతుంది, కీళ్ల మీద తాకిడీ తగ్గుతుంది. మన నేల చదునైనదే అయినా నరసింహకొండ ఎక్కే దారి ఉంది, కనిగిరి వైపు కొండదారులున్నాయి. వారంలో ఒక ఇంటర్వెల్ రోజును అక్కడికి మార్చి, దిగేటప్పుడు నడిచి రావాలి.

సమస్య: అదే వేగానికి గుండె నిరుటికన్నా, మొన్నటికన్నా ఎక్కువ కొట్టుకుంటోంది

మొదట చూడవలసింది ఎండ. అంతర్జాతీయ స్కీ సమాఖ్య మైనస్ 20 డిగ్రీల కన్నా చలి ఉంటే పోటీ జరగనివ్వదు. మన రోహిణి కార్తెకు అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు కనుక మనమే పెట్టుకోవాలి. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, ఒక్కో స్పందనలో వెళ్లే రక్తం తగ్గిన మేరకు గుండె వేగం పెంచుకుంటుంది. అప్పుడు వాచీలో కనిపించే 95 శాతం మంచి సాధనకు గుర్తు కాదు. ఆ నెలల్లో సూర్యోదయానికి ముందే ముగించాలి, నాలుగు పరుగులను మూడు చేయాలి, పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోవాలి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు నీరు పోయినట్టే. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఆ లోటును బాగా తీరుస్తుంది.

వాతావరణం చల్లబడ్డాక కూడా పరిస్థితి మారకపోతే, ఉదయం లేవగానే పడక మీదే నాడి చూసుకోవాలి. అది కొన్ని రోజులుగా మామూలుకన్నా ఏడెనిమిది ఎక్కువగా ఉండి, నిద్ర కూడా చెడితే, తప్పు ఇంటర్వెల్ రోజుది కాదు, మిగతా రోజులది. ఈ విషయాన్ని పిల్లలకు ఒప్పించడం నాకు అన్నిటికన్నా కష్టమైన పని. అగ్రశ్రేణి స్కీయర్లు ఏడాదికి 800, 900 గంటలు సాధన చేసినా అందులో అత్యధిక భాగం, దాదాపు 90 శాతం, మాట్లాడుకుంటూ సాగే తేలిక సాధనే. మన పిల్లలు తేలిక రోజున కూడా పక్కవాణ్ణి దాటాలని చూస్తారు. దాంతో ఇంటర్వెల్ రోజుకు కాళ్లు బరువెక్కి, గుండె 90 శాతానికి చేరనే చేరదు. వారానికి రెండే గట్టి రోజులు ఉంచి, వాటి మధ్య కనీసం 48 గంటలు విడిచి, నాలుగో వారంలో సాధనను సగానికి తగ్గించాలి.

విశ్రాంతి ఇచ్చినా మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంటే, కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లల్లో, రక్తహీనతను అనుమానించాలి. ఆక్సిజన్ మోసేది హీమోగ్లోబిన్ కనుక అది తగ్గినప్పుడు ఎన్ని ఇంటర్వెల్స్ చేసినా ఫలితం ఉండదు. హీమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించి, ఇనుము మాత్రలు డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

వెంటనే ఆపవలసిన లక్షణాలు

పరుగులో ఛాతీలో నొప్పి లేదా బిగుతు, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, కుటుంబంలో చిన్న వయసులో అకస్మాత్తుగా మరణించినవారు ఉండడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేను ఆ పిల్లవాణ్ణి గీత దగ్గర నిలబడనివ్వను. ఎంపిక పరీక్ష మర్నాడే ఉన్నా సరే, ఈసీజీ తీయించి, గుండె డాక్టరు చూసి సరేనన్న తర్వాతే అతడు మళ్లీ ట్రాక్ మీదికి వస్తాడు.