పాత ఇత్తడి గిన్నెలు మళ్ళీ వాడే ముందు: కళాయి, చిలుము, సీసం సంగతి

అటక మీది అమ్మమ్మ గారి ఇత్తడి గిన్నెలు దించి వాడదామనుకుంటున్నారా, మంచిదే, కానీ చింతపండుతో తోమి తళతళలాడగానే అందులో సాంబారు పెట్టేయకండి. తోమేటప్పుడు చూడండి, గుజ్జు రాసిన రెండు నిమిషాలకే నల్లటి పొర పోయి బంగారంలా వచ్చేస్తుంది, మరి ఆ పొర ఎక్కడికి పోయింది? గుజ్జులోకే కదా. పులుసు కాచినా అదే జరుగుతుంది, కాకపోతే ఆ పులుసు మనం తింటాం.

ముందు గిన్నె లోపల చూడండి. వెండిలా తెల్లగా ఉంటే కళాయి, అంటే లోపల వేసే లోహపు పూత, ఉన్నట్టు, పసుప్పచ్చగానో ఎర్రగానో ఉంటే పోయినట్టు. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో చింతపండు, నిమ్మకాయ, టమాటా, పెరుగు, పచ్చళ్ళు వద్దు. రాత్రి మజ్జిగ మర్చిపోతే పొద్దున్నకి చిలుము వాసన వచ్చి, అంచున పచ్చగా కనపడుతుంది, అది పారబోయాల్సిందే, ఆ రాగి కడుపులోకి ఎక్కువ పోతే వాంతులు, కడుపునొప్పి త్వరగానే మొదలవుతాయి. రాగి చెంబులో మంచినీళ్ళు పర్లేదు, అందులో నిమ్మకాయ మాత్రం పిండొద్దు.

ఇక కళాయి. అది తగరం. గిన్నె కాల్చి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్ అనే తెల్లటి ఉప్పు) చల్లి, తగరం కడ్డీ ఆనిస్తే కరిగిపోతుంది, వెంటనే గుడ్డతో తిప్పి తిప్పి రుద్దితే లోపలంతా అద్దంలా పరుచుకుంటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నె పెద్ద మంట మీద పెట్టొద్దు, పోపు వేరే మూకుడులో వేసుకోండి, చెక్క గరిటె వాడండి, స్టీల్ పీచుతో గీకొద్దు.

నాకు అసలు భయం సీసంతోనే. తగరం కంటే చాలా చవక కాబట్టి కల్తీ చేసేవాళ్ళుంటారు. స్కూల్లో చదివిన వరస గుర్తుందా, అల్యూమినియం, జింక్, ఇనుము, తగరం, సీసం, రాగి, వెండి, బంగారం? ఆ వరస ఏ లోహం ఎంత తొందరగా రియాక్ట్ అవుతుందో చెప్తుంది గానీ ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చెప్పదు. ఇనుము సీసం కంటే చురుకైనదే, అయినా ఇనుప మూకుడులో పులుసు పెడితే నల్లబడి రుచి మారుతుంది, చాలామందికి అంతకు మించి ఏం కాదు. సీసం నెమ్మదే, కానీ కొంచెం కొంచెం పోయినా పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత వరకు సేఫ్ అనే లెక్క లేదని డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తుంది. చిలుమైతే కంటికి కనపడుతుంది, ఇది కనపడదు. అందుకే కళాయి పెట్టేటప్పుడు దగ్గర కూర్చోండి, కడ్డీ చూపించమనండి, మంచి తగరం కడ్డీ వంచితే చిటచిటమని సన్నగా చప్పుడొస్తుంది, సీసానికి రాదు. కొంచెమే కలిపితే ఈ పరీక్షకి దొరక్కపోవచ్చు, కాబట్టి తెలిసినవాళ్ళ దగ్గరే చేయించుకోండి. కరెంటు పనులకి వాడే సోల్డర్‌తో అస్సలు పూయనివ్వొద్దు, చాలావాటిల్లో సీసం ఉంటుంది.

పులుపు విషయంలో సత్తు గిన్నెలు కూడా అంతే. అల్యూమినియం చాలా చురుకైన లోహం, పైన ఏర్పడే సన్నటి పొరే దాన్ని కాపాడుతుంది, పులుపూ ఉప్పూ ఆ పొరని తినేస్తాయి. నల్లబడ్డ సత్తు గిన్నెలో టమాటా చారు కాస్తే లోపల తెల్లగా అయిపోవడం మీరూ చూసే ఉంటారు. చారు రాత్రంతా అందులో ఉంచకండి, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే పులుపు వంటలకి అసలు వాడొద్దు, స్టీల్ గిన్నె తీయండి.

కళాయి పెట్టించాక కూడా వారానికోసారి గిన్నె అడుగు వెలుతురులో చూసుకోండి, రూపాయి బిళ్ళంత పసుపు కనపడినా పులుపు ఆపేసి మళ్ళీ కళాయికి ఇవ్వండి.