స్టేటస్‌లో పెట్టకముందే డిజైన్ రిజిస్టర్ చేయించుకోండి

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాక. మూడేళ్ల కింద గ్రాఫ్ కాగితం మీద సొంతంగా గీసుకుని, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి), రంగులద్ది, మా ఆయనా నేనూ నలభై రోజులు కూర్చుని ఒక చీర దింపినం. మగ్గం మీంచి కోసిన పూటే మురిసిపోయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన. రెండు నెలలు తిరగకముందే చౌటుప్పల్‌లో ఒక దుకాణం ముందు అదే పువ్వు, అదే కొంగు ప్రింటు చీర మీద వేలాడుతోంది. ధర ఆరు వందలు. వకీలు దగ్గరికి పోతే ఆయన అడిగిన మొదటి మాట, "దరఖాస్తు పెట్టకముందే ఎవరికన్నా చూపించినవా అమ్మా?"

అక్కడే నా కేసు అయిపోయింది. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం డిజైన్ కొత్తదై ఉండాలి. దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపించేస్తే అది కొత్తది కాదు.

అందుకే వరుస మార్చుకోండి. చీర తయారైనంక ఫొటోలు తీసి ముందు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. డిజైన్ల విభాగం కోల్‌కతాలో ఉంది, పోనక్కర్లేదు. వ్యక్తులకు ఫీజు 1,000 రూపాయలు. రక్షణ 10 ఏళ్లు, ఆపై ఇంకో 5 పొడిగించుకోవచ్చు. కొత్తదనం ఎందులో ఉందో రాయమంటారు, అక్కడ తొందరపడొద్దు. తేలియా రుమాలు (మా దగ్గర నూనె పట్టించిన నూలుతో నేసే పాతకాలపు బట్ట) మీది గడియారం, విమానం బొమ్మలు మన పెద్దలవి, వాటిని నావనకూడదు. మీరు కొత్తగా కూర్చిన అమరికనే చెప్పండి.

"బొమ్మ గీసిన, కాపీరైట్ ఉంది కదా" అంటారు చాలామంది. గీసిన కాగితానికి రిజిస్ట్రేషన్ లేకున్నా కాపీరైట్ ఉంటుంది, గీసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. కానీ డిజైన్‌గా రిజిస్టర్ చేయించగలిగిన బొమ్మను చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి వస్తువుల మీద వేస్తే ఆ కాపీరైట్ పోతుంది. చీరలకు దాన్ని నమ్ముకోవద్దని నా మాట.

పేరు సంగతి వేరే. మీ దుకాణం పేరుకు, లోగోకు ట్రేడ్‌మార్క్. ముందు అధికారిక వెబ్‌సైట్‌లో అలాంటి పేరు ఉందేమో వెతకండి. ఆన్‌లైన్ ఫీజు వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి, అంటే సరుకు రకానికి, 4,500 రూపాయలు. బట్టలు 24, దుస్తులు 25వ తరగతి. ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి అభ్యంతరం లేఖ వస్తే నెలలోపు జవాబివ్వాలి, కాబట్టి మెయిల్ చూస్తుండండి. ఆ ఆఫీసు వేసే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో అచ్చయ్యాక ఎవరైనా వ్యతిరేకించడానికి 4 నెలల గడువు. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు, మళ్లీ మళ్లీ రెన్యువల్ చేయించుకోవచ్చు.

"పోచంపల్లి" అన్న మాటను మాత్రం ఏ ఒక్కరూ సొంతం చేసుకోలేరు. అది భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఒక ప్రాంతపు సరుకుకు ఆ ఊరి పేరు మీద దక్కే గుర్తింపు. గద్వాల, నారాయణపేట చీరలకూ ఉంది. నేసేవాళ్లు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. మా దగ్గర చాలామంది చేయించుకోలేదు, అది నాకు బాధ.

పేటెంట్ కొత్త యంత్రానికి, కొత్త పద్ధతికి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు అమ్మ చేతులు ఆసు పోసి పోసి (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి) నొప్పి పడుతుంటే చూడలేక చేసిన ఆసు యంత్రం లాంటివాటికి. పేటెంట్ 20 ఏళ్లు. యంత్రం పూర్తికాకున్నా తాత్కాలిక దరఖాస్తు పెట్టి, 12 నెలల్లో పూర్తి వివరాలివ్వొచ్చు.

ఇప్పుడు కొత్త చీర అడిగినవాళ్లకు దరఖాస్తు నంబరు వచ్చేదాకా రంగు నూలు ఫొటో ఒక్కటే పంపుతున్న.