కూర్చునే గంటలు, పడుకునే గంటలు: ఖరీదైన లాప్‌టాప్ కొనేముందు వేసుకోవలసిన లెక్క

నల్లగొండలో క్లాక్ టవర్‌కు దగ్గర్లోనే మా స్టూడియో. పెళ్లిళ్ల షూటింగ్ మా ఆయన చూసుకుంటారు. మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్), ఆల్బమ్ డిజైనింగ్ నావి. ఏడాదికి సుమారు నలభై పెళ్లిళ్ల పని నా చేతి మీదుగా వెళ్తుంది. మొన్న మార్గశిరంలో, ముహూర్తాలు ఊపందుకోకముందే, పాత లాప్‌టాప్ మార్చాం. లక్ష దాటిన వస్తువు కొనేటప్పుడు అసలు ధర కంటే ‘ఇంకో ముప్పై వేలు వేస్తే పై మోడల్ వస్తుంది’ అనే మాట దగ్గరే మనిషి తడబడతాడు. ఆ ముప్పై వేలు పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి నేను వేసిన లెక్క ఇది. ఫొటోలు, వీడియోలు, డిజైన్ పని చేసేవారు ఎవరైనా తమ అంకెలు పెట్టుకుని చూసుకోవచ్చు.

దుకాణానికి వెళ్లే ముందు వారం రోజులు ఒక నోటుబుక్కు పక్కన పెట్టుకోండి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు మీరు కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకున్న గంటలు, కుడివైపు యంత్రం తన పాటికి తాను పనిచేసుకునే గంటలు రాయండి. ఒక పెళ్లికి నా పుస్తకంలో ఎడమవైపు కటింగ్ 14 గంటలు, ఆల్బమ్ 9 గంటలు వచ్చాయి. కుడివైపు ఎక్స్‌పోర్ట్ (కట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారు చేయడం), కెమెరా మెమరీ కార్డుల నుంచి కాపీ కలిపి 6 గంటలు. ఆ ఆరు గంటలూ దాదాపు రాత్రివే. నేను నిద్రపోతుంటాను, అది నడుస్తుంటుంది. దాన్ని నాలుగు గంటలకు తగ్గించడానికి డబ్బు పెడితే నాకు మిగిలేదేమీ లేదు. ఎడమవైపు గంటల్లో కోత పడితేనే అది నా సంపాదన. పగలే మూడు నాలుగు ఎక్స్‌పోర్టులు చేసి ఇవ్వాల్సిన వారికి ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే పక్కవాడి లాప్‌టాప్ మనకు కొలత కాదు.

ఎడమవైపు సమయం ఎక్కడ పోతోందో కూడా చూడాలి. ఒక సాయంత్రం తలంబ్రాల ఘట్టం కట్ చేస్తూ, ప్లే నొక్కినప్పుడు బొమ్మ ఆగి కదిలిన ప్రతిసారీ ఒక గీత గీశాను. గంటలో 71 గీతలు వచ్చాయి. ఒక్కోసారి నాలుగు సెకన్లు ఆగింది అనుకున్నా గంటకు దాదాపు ఐదు నిమిషాలు, 14 గంటల కటింగ్‌లో గంటకు పైనే. పోయింది సమయం ఒక్కటే కాదు. పెళ్లికూతురు దోసిలి పైకెత్తిన క్షణాన్ని పాటలోని దెబ్బకు సరిగ్గా కలపాలంటే చేయి లయలో ఉండాలి. బొమ్మ ఆగినప్పుడల్లా ఆ లయ తెగిపోతుంది.

ఇంత నెమ్మది ఎందుకంటే గ్రాఫిక్స్ కార్డు చిన్నది కాబట్టి అనే నేనూ అనుకున్నాను. తెలిసిన వారందరూ అదే చెప్పారు. ఎన్విడియా కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న మోడల్ దాదాపు ఖాయం చేసుకున్నాం కూడా. అది కొని ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది. మా కెమెరా 4కె వీడియోను హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో, రంగుల వివరం ఎక్కువగా ఉంచే 4:2:2 రకంగా, 10 బిట్‌లో రికార్డు చేస్తుంది. ఇలా కుదించిన వీడియోను విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఎన్విడియా 40 సిరీస్ (4070 లాంటివి) కార్డుల్లో ఆ భాగం 4:2:2ను విప్పలేదు. ఎంత పెద్ద కార్డు కొన్నా అంతే, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 50 సిరీస్ (5060, 5070 లాంటివి) కార్డులు విప్పగలవు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే సొంత గ్రాఫిక్స్ 11వ తరం నుంచి హెచ్.265 4:2:2ను విప్పుతుంది. ఆపిల్ ఎమ్ చిప్‌లకు కూడా ఆ శక్తి ఉంది. మా పాత లాప్‌టాప్‌లో ఈ మూడింటిలో ఏదీ లేదు. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని గేమింగ్ లాప్‌టాప్‌లలో పెద్ద కార్డు మాత్రమే పనిచేసేలా ఒక సెట్టింగ్ ఉంటుంది. అది పెడితే ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ ఆగిపోయి ఈ లాభం పోతుంది.

కాబట్టి ముందు మీ కెమెరా మెనూ తెరిచి ఏ ఫార్మాట్‌లో రికార్డు అవుతోందో రాసుకోండి. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ప్రాక్సీలు, అంటే అదే వీడియోకు తేలికపాటి నకళ్లు, చేసుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రీమియర్‌లోనూ డావిన్చీ రిజాల్వ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. రాత్రి ప్రాక్సీలు తయారు చేయమని వదిలేస్తే, పొద్దున పాత యంత్రం మీద కూడా కటింగ్ హాయిగా సాగుతుంది. ఆ ఉపాయంతోనే నేను ఒక సీజన్ మొత్తం నెట్టుకొచ్చాను.

తర్వాత ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ. మీ పనిలో అన్నిటికంటే బరువైన ఫైలు తెరిచి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత నిండిందో, అదే సమయంలో డిస్క్ ఎంత కష్టపడుతోందో చూడండి. కరిజ్మా రకం పెళ్లి ఆల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3,600 × 10,800 పిక్సెళ్లు అవుతుంది. దాని మీద పొరలు పేర్చి, పక్కన ఫొటోల ఫోల్డర్ తెరిస్తే మా 16 జీబీ నిండిపోయి డిస్క్ నూరు శాతానికి ఎక్కి కూర్చునేది. 32 జీబీ అవసరమని అక్కడే తేలిపోయింది. 64 జీబీ ఊసు మళ్లీ ఎత్తలేదు.

‘తక్కువ ర్యామ్‌తో కొను, తర్వాత వేసుకోవచ్చు’ అనే పాత సలహాను ఇప్పుడు గుడ్డిగా నమ్మకండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ తరలిపోవడమే దానికి ముఖ్య కారణం. మేం అడిగిన రోజు ఒక స్టిక్ ధర మూడు నెలల కింద విన్నదానికి రెట్టింపు దాటింది. కంపెనీ వేసి ఇచ్చే ధర, విడిగా కొని వేయించుకునే ధర, రెండూ ఒకే రోజు అడగండి. మోడల్‌లో స్లాట్లు ఎన్ని, అందులో ఖాళీ ఎన్ని అని కూడా అడగండి. రెండు స్లాట్లలో ఎనిమిదేసి జీబీలు పెట్టి ‘16 జీబీ’ అని అమ్మే వాటిలో, పెంచాలంటే ఉన్న రెండూ తీసి పక్కన పెట్టాలి. పలుచని మోడళ్లలో చాలావరకు ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు. వాటిలో ఆ తర్వాత చేసేదేమీ లేదు.

మ్యాక్‌బుక్‌లు కూడా అంతే, మెమరీ, స్టోరేజీ రెండూ కొన్నప్పుడు తీసుకున్నవే. 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 2025లో 16 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజీతో 1,69,900 రూపాయల దగ్గర మొదలైంది. మెమరీ 24 జీబీకి పెంచాలంటే అప్పట్లో ఇంకో 20,000. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నా దాని వేగం తగ్గదు. గేమింగ్ లాప్‌టాప్‌లకు ఆ గుణం లేదు, ప్లగ్ పీకితే బాగా నెమ్మదిస్తాయి. మా ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది కాబట్టి నేను అటు వెళ్లలేదు. వీడియో ఒక్కటే చేసేవారు తప్పకుండా చూడాలి.

స్టోరేజీ వేగం గురించి దుకాణాల్లో చెప్పే అంకెలకు అంతగా మురిసిపోనక్కర్లేదు. మా కెమెరా గరిష్ఠంగా సెకనుకు 200 మెగాబిట్ల దగ్గర రికార్డు చేస్తుంది, అంటే సెకనుకు 25 ఎంబీ. పాతకాలపు సాటా రకం ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) కూడా సెకనుకు 500 ఎంబీకి పైగా చదువుతుంది. సెకనుకు 7,000 ఎంబీ ఇచ్చేదానికీ అంతకు మించినదానికీ తేడా నా కటింగ్‌లో కనిపించదు. కావలసింది వేగం కాదు, చోటు. 100 మెగాబిట్ల దగ్గర గంట వీడియో 45 జీబీ. రెండు కెమెరాలు ఐదేసి గంటలు నడిస్తే 450 జీబీ. అందుకని రెండో ఎస్‌ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉందా అన్నదే నేను అడిగిన ప్రశ్న.

కొన్నాక తేలిగ్గా మార్చుకోలేనిది తెర. దాని దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఎక్కువ డబ్బు ప్రాసెసర్‌కు పోసి, రంగులు తక్కువగా చూపే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర బిగించిన గేమింగ్ లాప్‌టాప్‌లు ఇప్పటికీ అమ్ముతున్నారు. మా పాతది అదే రకం. అందులో ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే నేను రంగు పెంచేదాన్ని. ఆల్బమ్ ప్రింటై వచ్చాక చూస్తే పెళ్లికూతురి చీర అంచు, పాపిట కుంకుమ ఒకే ముద్దగా ఉన్నాయి. పన్నెండు షీట్లు మా ఖర్చుతో మళ్లీ వేయించాం. ఆ అమ్మాయి తల్లి ఒక్క మాట అనలేదు, చీర మీద వేలు పెట్టి ఊరుకున్నారు. ఇప్పటికీ ఆ వేలు నా కళ్ల ముందు ఉంది. స్పెసిఫికేషన్‌లో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (తెర చూపగల రంగులకు ఇంకో కొలత) అని రాసి ఉంటేనే ముందుకు వెళ్లండి.

ఇక మన ఎండలు. ఆపిల్ తన లాప్‌టాప్‌లకు 10 నుంచి 35 డిగ్రీల గది వేడి సరిపోతుందని చెబుతుంది. నల్లగొండ వైశాఖంలో పొద్దున పదింటికే బయట అంతకంటే ఎక్కువ. లోపల పుట్టే వేడి చిప్ తీసుకునే కరెంటును బట్టి ఉంటుంది. ఒకే పేరున్న గ్రాఫిక్స్ చిప్‌ను తయారీదారులు వేర్వేరు కరెంటు పరిమితులతో బిగిస్తారు. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5060కి ఆ పరిధి 45 వాట్ల నుంచి 100 వాట్ల దాకా ఉంది. పలుచని ఒంట్లో తక్కువ వాట్లతో ఉన్న పెద్ద చిప్, మందపాటి ఒంట్లో పూర్తి వాట్లతో ఉన్న చిన్న చిప్ దాదాపు సమానంగా నడిచే సందర్భాలు ఉంటాయి. స్పెసిఫికేషన్‌లో ఈ వాట్ల పరిమితిని చెప్పే టీజీపీ అనే అంకె వెతకండి. రాయకపోతే అడగండి.

ఇవన్నీ రాసుకుని, పది నిమిషాల సొంత ప్రాజెక్టు ఒకటి బయటి ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లాం. అందులో తలంబ్రాలు, బరాత్ రెండూ ఉన్నాయి. డెమో యంత్రంలో సాఫ్ట్‌వేర్ వేయనివ్వమంటే రెండు చోట్ల కాదన్నారు. మూడో చోట ఒక అబ్బాయి “మీ ఫైలే పెట్టి చూసుకోండి అక్కా, తర్వాత మాట అనొద్దు” అని కుర్చీ జరిపాడు. నా ముందు మూడు ఉన్నాయి: 5060తో మందపాటిది 1,28,000. 5070తో పలుచనిది 1,65,000. 5070 టీఐతో 2,12,000.

ప్లేబ్యాక్ మూడింటిలోనూ ఆగలేదు. ఎక్స్‌పోర్ట్ మొదటిది ఏడు నిమిషాలు, రెండోది ఆరు, మూడోది ఐదు. అక్కడితో లేచి రాకుండా వెంటవెంటనే మూడుసార్లు చేయించాను. మూడోసారికి పలుచనిది వేడెక్కి ఏడున్నర నిమిషాలకు జారింది. మందపాటిది ఏడు దగ్గరే నిలబడింది. అదీ ఏసీ దుకాణంలో.

అప్పుడు నోటుబుక్కు తీశాను. నాలుగేళ్లు వాడతాం అనుకుంటే 160 పెళ్లిళ్లు. రెండోదానికి అదనం 37,000, అంటే పెళ్లికి 231 రూపాయలు. మూడోదానికి అదనం 84,000, పెళ్లికి 525 రూపాయలు. ఈ డబ్బుకు వచ్చేది రాత్రి గంటల్లో కొంత కోత. పగటి గంటల్లో మూడూ సమానమే. తేడా కనిపించింది ఒక్క చోట, బరాత్‌లో. చీకట్లో తీసిన వీడియోకు నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని గరుకు తగ్గించడం) వేస్తే గ్రాఫిక్స్ మెమరీ, అంటే కార్డుకు సొంతంగా ఉండే మెమరీ, చాలా కావాలి. మేం చూసిన 5060, 5070 రెండింటికీ 8 జీబీయే. 5070 టీఐకి 12 జీబీ. మొదటి రెండూ మెమరీ చాలదన్నాయి, మూడోది పని పూర్తి చేసింది. మా వీడియోలో బరాత్ పదిహేను నిమిషాలు. ఆ ముక్కను చిన్న భాగాలుగా విడిగా రెండర్ చేసుకుంటే 8 జీబీలో సరిపోతుంది. రోజూ రాత్రి వేడుకలే తీసేవారైతే నేను మూడోదే కొనమంటాను. 5070 మాత్రం మాలాంటి పనికి ఏ విధంగానూ డబ్బుకు తగినది కాదనిపించింది.

మొదటిదే తీసుకుని, ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో 16 జీబీ అక్కడే వేయించాం. బిల్లు మీద మా జీఎస్‌టీ నంబరు రాయించాను. 1,28,000లో 19,525 రూపాయలు పన్నే, రెగ్యులర్ జీఎస్‌టీలో ఉన్నవారికి అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే రాదు. ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీ మా 508001 పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అని కంపెనీ ఫోను నంబరుకు అక్కడి నుంచే చేసి కనుక్కున్నాను. హైదరాబాద్‌కు మాత్రమే అంటే సీజన్ మధ్యలో వంద కిలోమీటర్లు మోసుకెళ్లాల్సింది మనమే.

రెండో ఎస్‌ఎస్‌డీ స్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది, మాఘం అడ్వాన్సులు చేతికొచ్చాక చూడాలి. కొన్న మర్నాడు అదే తలంబ్రాల ఘట్టం తెరిచి, అదే నోటుబుక్కు పక్కన పెట్టుకుని గంటసేపు కట్ చేశాను. రెండు గీతలు పడ్డాయి.