డబ్బా మీద 56 కిలోమీటర్లు, దారిలో రెండు మలుపులు

కొండెక్కడానికని కొన్న మా వాకీటాకీల డబ్బా మీద "56 కి.మీ. వరకు" అని రాసుంది. అడవి దారిలో తమ్ముడు రెండు మలుపులు ముందుకెళ్లాడో లేదో, వాడి మాట గరగరలో కలిసిపోయింది. దూరం కిలోమీటరు కూడా లేదు. సెట్టు పాడైందనుకున్నా. కాసేపటికి వాడు ఎదురు గుట్టెక్కి పిలిస్తే పక్కన నిలబడి మాట్లాడినట్టే వినిపించింది. ఈసారి దూరం నాలుగు కిలోమీటర్ల పైమాటే!

అందుకే రేంజి ఎంతని ఎవరడిగినా, ముందు ఎత్తు చూసుకోమంటాను. ఈ సెట్లు వాడే యూహెచ్ఎఫ్ రకం రేడియో తరంగాలు ఇంచుమించు చూపులాగే తిన్నగా పోతాయి, భూమి వంపు అడ్డొస్తే ఆగిపోతాయి. లెక్క తేలికే. ఒక్కో సెట్టు నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో దాని వర్గమూలం తీయండి. రెండూ కూడి 4.12తో గుణించండి. వచ్చేది కిలోమీటర్లలో హద్దు. చదును నేల మీద ఇద్దరూ సెట్టు 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకుంటే సుమారు 10 వస్తుంది, అదీ మధ్యలో చెట్టూ గోడా లేకపోతేనే. ఒకరు 100 మీటర్ల గుట్ట మీదుంటే అదే 46 అవుతుంది. డబ్బా మీది అంకె ఇలాంటి చోట పుట్టిందే. భవనాల మధ్య కిలోమీటరో రెండో వస్తే అది మంచి సెట్టే.

వాట్లు ఎక్కువున్నది కొందామంటారా? ఏ అడ్డూ లేని చోట కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు కావాలి. కొండ చాటున పడితే ఆ వాట్లతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నాలుగడుగులు పైకెక్కడమే మేలు.

సెట్టు నిలువుగా పట్టుకోండి, యాంటెన్నాను చేత్తో మూయకండి. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి, మాట పూర్తయ్యాకే వదలండి. మన భాషలో వద్దు, లేదు అనేవి చివర్లోనే కదా వచ్చేది! "ఎడమ దారిలో వెళ్లొద్దు" అనబోయి తమ్ముడు ముందే వేలు తీసేశాడు. "ఎడమ దారిలో వెళ్లొ..." దగ్గర తెగిపోయింది. వెళ్లొచ్చన్నాడో వెళ్లొద్దన్నాడో తెలీక పది నిమిషాలు అక్కడే నిలబడ్డాం, ఆ టెన్షన్ చెప్పలేను.

ప్రైవసీ కోడ్ అన్న పేరు చూసి మోసపోకండి. అది పక్కవాళ్ల మాటలు మీకు వినపడకుండా ఆపుతుందంతే. మీ మాటలు ఆ ఛానెల్లో ఉన్నవాళ్లు హాయిగా వినొచ్చు.

ఇక లైసెన్సు. కొనేముందు ఫ్రీక్వెన్సీ చూడండి, రంగూ బ్యాటరీ తర్వాత. అమెరికాలో ఎఫ్ఆర్ఎస్ అనే మామూలు ఇంటివాడకం సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. 22 ఛానెళ్లు, గరిష్ఠంగా 2 వాట్లు, యాంటెన్నా ఊడదీయడానికి వీలుండకూడదు. ఇంకా ఎక్కువ పవర్ వాడనిచ్చే జీఎమ్ఆర్ఎస్ సెట్లకైతే అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్సు కావాలి. పరీక్ష ఉండదు, పదేళ్లు చెల్లుతుంది, ఒకరు తీసుకుంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కొన్ని ఛానెళ్లలో 50 వాట్ల దాకా వాడొచ్చు, మాటను అందుకుని మళ్లీ దూరంగా పంపే రిపీటర్ కూడా పెట్టుకోవచ్చు. యూరప్‌లో 446 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పీఎమ్ఆర్446 రకం సెట్టు లైసెన్సు లేకుండానే నడుస్తుంది, కానీ అరవాటే. భారత్‌లోనూ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ పట్టీకి 2018లో లైసెన్సు ఎత్తేశారు, అయితే ఆ మోడల్ సెట్టుకు ప్రభుత్వం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉండాలి.

ఒక దేశం సెట్టు ఇంకో దేశానికి పట్టుకెళ్లి వాడకండి. యూరప్ సెట్టు పనిచేసే 446 మెగాహెర్ట్జ్, అమెరికాలో హామ్ రేడియో వాళ్ల (లైసెన్సుతో సరదాకి రేడియో నడిపేవాళ్ల) పట్టీలో పడుతుంది. ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగలిగే చవక సెట్లతో ఇంకా జాగ్రత్త. అవి పోలీసుల ఛానెల్లోకి కూడా వెళ్లిపోగలవు.

ప్రయాణానికి ముందురోజు ఒకరు ఒకచోట నిలబడండి, రెండోవాళ్లు వంద అడుగులకోసారి అంకెలు చెబుతూ నడవండి. మాట తెగిన చోటు గుర్తుపెట్టుకుని, అడవిలో అందులో సగమే లెక్కేసుకోండి. మేమైతే ఇప్పుడు మలుపు తిరిగేముందే ఆగి పిలుచుకుంటున్నాం.