బీడీఎస్ సీటుకి ఇంటర్ మార్కులు ఎంతవరకు?

విజయవాడ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో సీటు కావాలనుకునే బైపీసీ పిల్లలకు ఒక మాట. ర్యాంకు నీట్‌దే, ఇంటర్ మార్కులు అందులో కలవవు. అలాగని ఇంటర్‌ని వదిలేయకండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం రావాలి. విడివిడిగా ప్రతి సబ్జెక్టూ, ఇంగ్లిష్‌తో సహా, పాసవ్వాలి. అది లేకపోతే ఎంత మంచి ర్యాంకొచ్చినా సీటు రాదు.

నీట్‌లో 720కి 360 బయాలజీవే. మార్కులు సమానమైతే ముందు చూసేదీ బయాలజీనే. కానీ చాలామంది భయపడి పక్కన పెట్టేసే ఫిజిక్స్‌కి 180 ఉన్నాయి. రోజూ పొద్దున్నే, బుర్ర తాజాగా ఉన్నప్పుడు ఓ పది ఫిజిక్స్ లెక్కలు పేపరు మీద చేయండి. సొల్యూషన్ చదివేసి వచ్చేసిందనుకోవద్దు. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది కూడా.